నలభై ఏళ్ల లెక్క

మరిది సీసాలో తెచ్చిన బోరు నీళ్లను మూడోసారి పరీక్షించాను. మళ్లీ అదే అంకె. ఫ్యాక్టరీ వాళ్లు పాతిపెట్టిన డ్రమ్ముల్లోని విషం ఈ నీళ్లలో కలిసింది.

నీళ్లలో కరిగిన పదార్థం ఎంత మెల్లగా పాకుతుందో అంచనా కట్టడం నా ఉద్యోగం. నాలుగేళ్ల క్రితం ఆ డ్రమ్ములు కారుతున్నాయని తెలిసినప్పుడు లెక్క కట్టిందీ నేనే. విషం మరిది ఇంటి దాకా పాకడానికి నలభై ఏళ్లు పడుతుందని తేలింది.

"మీ మిషను తప్పు చూపిస్తోందేమో వదినా. నీ లెక్క తప్పదు కదా," అన్నాడు. అతని చేతిలో భార్య రక్తపరీక్ష కాగితం నలిగిపోతోంది.

"బోరు ఎప్పుడు వేయించావు?"

"నువ్వు భయం లేదన్నాకే. అందాకా నీళ్లు కొనుక్కునేవాళ్లం. ఇప్పుడు పొద్దస్తమానం మోటారు ఆడుతూనే ఉంటుంది. వీధి వీధంతా మన నీళ్లే తాగుతోంది. ఎవరైనా అనుమానపడితే, మా వదినే చెప్పింది, తాగండి అంటాను."

బీరువాలోంచి పాత రిపోర్టు తీశాను. నలభై అన్న అంకె కిందే నేను రాసిన షరతు ఉంది: 'నేలలో నీళ్లు కదలకుండా ఉంటేనే. మోటారుతో తోడితే విషం అటు లాగబడుతుంది, ఈ లెక్క చెల్లదు.'

ఆ లెక్క తేలిన రోజు ఇంట్లో అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. ఈ సోదంతా ఎవరికి కావాలిలే అని నలభై ఏళ్లన్న మాట ఒక్కటే చెప్పాను.

మరిది నా మొహంలోకే చూస్తున్నాడు.

వాళ్లు నన్ను నమ్మకపోయి ఉంటే, నా లెక్క తప్పేది కాదు.