జనవరి నీళ్లు

టైటస్ టేపు పెట్టాలనుకున్న బండ మీదే ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"తాతా, కాస్త లెగు. కొలవాల."

ముసలాయన లేచాడు గానీ వెళ్లలేదు.

"ఏటి సేత్తన్నావు బాబూ?"

"కాఫీ పళ్ల తొక్క తీసే మిషను పెడతన్నాను, ఇక్కడే. కోసిన రోజే పండు కడిగీయాల. నీళ్లు మెండుగా కావాల."

"ఎప్పుడు కడుగుతావు?"

"కోతలప్పుడే. జనవరిలో."

ముసలాయన గెడ్డ వైపు చూశాడు. సెప్టెంబరు వాన నీళ్లు బండల్ని ఒరుసుకుంటూ కిందికి దూకుతున్నాయి.

"ఇప్పుడిలాగే ఉంటాది. జనవరికి ఈ గెడ్డని నమ్మకు. పైన ఊటొకటుంది. నాతో రా, సూపిత్తాను."

టైటస్‌కి నవ్వొచ్చింది. విశాఖపట్నంలో బీకాం చదివి, ఆరు నెలలు కూర్చుని ప్రాజెక్టు రిపోర్టు రాశాడు. నలభై రెండు పేజీలు. ఈ కొండల్లో అలాంటి కాగితం తయారు చేసిన మొదటివాడు తనేనని అతని నమ్మకం. ఆ నమ్మకంలో ఒక వెచ్చదనం ఉంది. దాని మీద ఎవరైనా చన్నీళ్లు చల్లితే అతనికి నచ్చదు.

సంచిలోంచి రిపోర్టు తీశాడు.

"గాలి మాటలు కాదు తాతా. గవర్నమెంటోళ్లు పద్దెనిమిదేళ్లు ఈ గెడ్డని కొలిచారు. విను. డెబ్బై ఐదు జనవరి, తొమ్మిది అంగుళాలు. డెబ్బై ఆరు, పదకొండు. డెబ్బై ఏడు, ఎనిమిది..."

తొంభై రెండు దాకా చదివాడు.

ముసలాయన నోరు తెరుచుకుని విన్నాడు.

"మరోపాలి సదువు బాబూ."

వెటకారమేమో అనుకున్నాడు టైటస్. అయినా ఈసారి ఇంకా గట్టిగా, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివాడు.

ముసలాయన పై ఊట సంగతి మళ్లీ ఎత్తలేదు. తనలో తను నవ్వుకుంటూ కొండదారి పట్టాడు.

గెలిచాననుకున్నాడు టైటస్.

నెల తర్వాత, అరకులో బ్యాంకు మేనేజరు ఫ్లోరెన్స్ మేడమ్ రిపోర్టు మొత్తం రెండోసారి చదివి తలెత్తింది.

"బావుంది టైటస్. ఇంత శుభ్రంగా రాసి తెచ్చినవాళ్లు నాకు తెలీదు. ఒక్కటే అడుగుతాను. నీళ్ల కొలతలు తొంభై రెండుతో ఆగిపోయాయేం? తొమ్మిదేళ్లయింది."

"కొలవడం మానేశారు మేడమ్. ఏటా ఇంచుమించు అంతే కదా."

"పైన అడవి నరికింది ఆ తర్వాతే కదయ్యా. ఇప్పుడు జనవరిలో అక్కడ నీళ్లుంటాయని నీకెవరు చెప్పారు?"

టైటస్ రిపోర్టు అందుకుని ఆ పేజీ మళ్లీ చూశాడు.

"ఆ కొలతలు రాసిన ఆఫీసుకి నిన్న ఫోన్ చేసి అడిగాను. కొలిచినతను ఆ కొండ మీదే ఉంటాట్ట. పేరు గాసి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అతను చూపిస్తే అదే రాసుకురా. చాలు, నేను పైకి పంపిస్తాను. నెలాఖరు దాటితే మాత్రం ఫైలు ఈ ఏడాదికి అంతే."

టైటస్ హుషారుగానే బయటికొచ్చాడు. గాసి అనే మనిషిని అప్పుడే ఊహించుకున్నాడు కూడా. కళ్లద్దాలు, జేబులో పెన్ను, రిటైరైన ఉద్యోగి. అంకెల విలువ తెలిసిన మనిషి. తనలాంటి మనిషి. పది నిమిషాల్లో ఒకరికొకరు అర్థమైపోతారు.

మర్నాడు మధ్యాహ్నానికి కొండెక్కాడు. ఊరి మొదట్లో ఒకామె వాకిట్లో కూర్చుని చోళ్లు చెరుగుతోంది.

"గాసి గారిల్లు ఎక్కడమ్మా?"

"ఇదే బాబూ. నాను కోడల్ని, సిన్నమ్మిని. మా మావ పోయి రెండు వారాలు, రెండు సంతలయింది. జొరమొచ్చింది."

టైటస్ ఉన్నచోటే నిలబడిపోయాడు.

"గెడ్డ నీళ్ల సంగతి... కాగితాలేవైనా రాసి పెట్టాడా?"

"కాగితాలేటి, మా మావకి సదువేదీ? ఆఫీసోలు కర్రకి అంగుళానికో గీతెట్టి గెడ్డలో పాతినారు. మావ తెల్లారగట్ల నీళ్లలోకి దిగీవోడు. ఎన్ని గీతలు మునిగితే తాడుకి అన్ని ముడులు ఏసీవోడు. సంతకెల్లినప్పుడు ఆ తాళ్లు ఇచ్చీసి వొచ్చీవోడు. ఆఫీసోలు లెక్కెట్టి రాసుకునీవోరు."

"పైన ఊట ఒకటుందట. ఎక్కడో మీకెవరికైనా తెలుసా?"

"మావకే తెలుసు. సూపిత్తాను రండ్రా అనీవోడు. ఎవులెల్లినారు?"

చిన్నమ్మి చేట పక్కన పెట్టింది. ఆమె ముఖంలో దిగులుతో పాటు ఇంకేదో కూడా ఉంది.

"అయినా బాబూ, సంబరంగానే పోయినాడు. ఐదు సంతల కిందట గెడ్డ కాడినించి గెంతుకుంటా వొచ్చినాడు. 'నా ముడులన్నీ పుస్తకంలోకి ఎక్కీసినాయే సిన్నమ్మీ, ఎవులో సదువుకున్న గుంటడు నా ఎదర నిలబడి రెండుపాల్లు సదివి ఇనిపించినాడు' అన్నాడు."