వీసా రొట్టె

నీళ్లలోకి దిగనంటే దిగనంది మెర్లిన్.

"మేయ్, నడుము లోతు కూడా లేదు. రా," అని జయశీల కోడలి చెయ్యి పట్టుకుని లాగింది.

లోతు గురించి కాదు మెర్లిన్ భయం. సముద్రం మధ్య దీవిలో పుట్టిన పిల్ల, చెరువు నీళ్లకు జడుస్తుందా? అత్త సంచిలో రొట్టె ఉంది. ఏ కోరిక తీరిందని తెచ్చిందో చెప్పలేదు. అడిగే ధైర్యం మెర్లిన్‌కి లేదు. చున్నీ తల మీదుగా లాక్కుని ముఖం సగం కప్పుకుంది.

నెల్లూరు చెరువులో ఆ రోజు రొట్టెల పండగ. కోరిక ఉన్నవాళ్లు, అదే కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుని తినాలి. తమదీ తీరాక, మరుసటి ఏడు ఇవే నీళ్లలో నిలబడి ఇంకొకరికి ఇవ్వాలి. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె అని ఎటు చూసినా కేకలే. గట్టు మీదున్న దర్గా ముస్లింలదే అయినా నీళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. జయశీల లాంటివాళ్లు చర్చిలో చెప్పకుండా వస్తారు, అంతే తేడా.

పోయిన ఏడు ఈ నీళ్లలోనే ఒక వీసా రొట్టె చేతులు మారింది, మెర్లిన్ తన దేశం వెళ్లిపోవాలని. ఈ సంగతి మెర్లిన్‌కి తెలుసు. అత్త దగ్గర ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడా కోరిక తీరబోతోంది. మెర్లిన్ భర్త రవి కుమార్ ఒక హోటల్లో వంటమాస్టరు. దుబాయ్‌లో పనిచేసేటప్పుడు, పక్కనే కూరగాయలు తరిగే ఈ ఫిలిప్పీన్స్ పిల్లను ఇష్టపడి పెళ్లి చేసుకుని నెల్లూరు తీసుకొచ్చాడు. మొన్న ఆమె సొంత ఊళ్లోనే, సెబూలో, పెద్ద హోటల్లో అతనికి ఉద్యోగం వచ్చింది. సోమవారానికి జవాబు చెప్పాలి. ఊఁ అంటే ఇద్దరూ వెళ్లిపోవడమే.

"నీకు సంతోషమే కదా?" అన్నాడు రవి.

తల ఊపింది గానీ, అప్పటి నుంచీ భయమే.

కాపురానికి వచ్చిన కొత్తల్లో ఈ ఊరంటే ఆమెకు ఒళ్లు మండేది. బజారుకెళితే స్కూటర్లు ఆపి మరీ చూసేవాళ్లు. ఎవరు పలకరించినా ఒకటే ప్రశ్న, "మీ దేశం ఎప్పుడు పోతావు?" అని. మే నెల ఎండకు ఏడుపొచ్చేది. ఆమె కడిగిన గిన్నెల్ని అత్త మళ్లీ కడిగేది. "ఈ పిల్ల ఈడ నిలిచేది కాదు" అని అత్త పక్కింటావిడతో అనడం కూడా విన్నది. అప్పటికి తెలుగు ఆ మాత్రం వచ్చేసింది, ఖర్మ.

ఆ తర్వాత ఎప్పుడు ఏం జరిగిందో ఆమెకే తెలియదు. రాత్రి వండిన చేపల పులుసు పొద్దున తింటే ఎంత రుచో తెలిసింది. ఆదివారం మైపాడు బీచ్‌లో అత్త చెప్పులు చేతికిచ్చి, అలల్లో చిన్నపిల్లలా గెంతడం చూసింది. పూలమ్మే ఆమె మూర కొలిచి, ఇంకో జానెడు కలిపి "దొరసానికి" అని ఇవ్వసాగింది. గిన్నెలు మళ్లీ కడగడం అత్త ఎప్పుడు మానేసిందో ఇద్దరికీ గుర్తు లేదు.

ఇక్కడే ఉండిపోదాం అని రవికి చెప్పాలని ఎన్నిసార్లో నోరు తెరిచింది. కూరలో ఉప్పు చాలిందా అని అడిగి ఊరుకుంది. తీరిన కోరికకు రొట్టె ఇచ్చేస్తే ఇంక తిరుగుండదని ఈ ఊరి నమ్మకం. ఆ నమ్మకం ఆమెకూ పట్టుకుంది.

"అత్తా," అంది నీళ్లలో అడుగు పెడుతూ. "కోరిక తీరినాక రొట్టె ఇయ్యకపోతే?"

"ఇయ్యకపోతే ఎట్టా? తీసుకున్నోళ్లు ఇయ్యాల్సిందే."

"తీరిన కోరిక మళ్లీ వద్దనుకుంటే?"

జయశీల కోడలి వైపు వింతగా చూసింది. "అట్టాంటోళ్లు కూడా ఉంటారా?"

మెర్లిన్ తల దించుకుంది. చున్నీ ఇంకాస్త కిందికి లాక్కుంది. జయశీల సంచిలోంచి రొట్టె తీసింది.

"ఆరోగ్యం రొట్టె. మోకాళ్ల నొప్పులు పోయినాయి. ఎవురికి కావాలా?"

ఒక ముసలాయన తీసుకున్నాడు. మెర్లిన్ గట్టు వైపు తిరిగింది. జయశీల మాత్రం కదల్లేదు. గొంతు పెంచి ఇంకో మాట అడిగింది.

"ఇంటికొచ్చిన పిల్ల ఇల్లు వదిలి పోకుండా ఉండే రొట్టె ఎవురి దగ్గరన్నా ఉండాదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అలాంటి రొట్టె ఉందని ఎవరూ వినలేదు. జయశీల నవ్వలేదు.

"నువ్వు పోతే నాకు పొద్దు పోదు, పిల్లా," అంది కోడలి వైపు చూడకుండా. "మీ ఊరికి పోవద్దని నీతో ఎట్టా చెప్పేది? అందుకే ఈడకొచ్చినా."

మెర్లిన్ భయం తగ్గాలి. తగ్గకపోగా రెట్టింపయింది. అత్త చెయ్యి గట్టిగా పట్టుకుని, "పోదాం అత్తా, ఇంటికి పోదాం," అని లాగింది.

బురఖా వేసుకున్న ఒక పెద్దామె అప్పటికే నీళ్లు తోసుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. చున్నీ చాటున ఉన్న మెర్లిన్ ముఖంలోకి తొంగిచూసి, ఆప్యాయంగా నవ్వింది.

"పోయినేడు, మా దేశం పోవాలని ఏడస్తా నా చేతిలో వీసా రొట్టె తీసుకోని తినింది నువ్వే గదా పాపా?"