దొర కూజా కళ్లు

"కళ్లు ఆఖర్న దిద్దాలని ఎన్నిసార్లు చెప్పానే నీకు?" తెరేసమ్మ కసిరింది.

"ఆఖర్నే దిద్దానమ్మా," అంది కీర్తన కుంచె తుడుచుకుంటూ.

విజయవాడ వన్‌టౌన్‌లో పాత సామాన్లకు మెరుగులు దిద్ది అమ్మే బాజీ కొట్టు అది. చల్లపల్లి దగ్గరి ఒక బంగళా నుంచి ఇరవై పింగాణీ కూజాలు వచ్చాయి. అన్నీ ఒకే అచ్చు. బొజ్జేసుకుని కూర్చున్న దొర బొమ్మ. వంచితే టోపీ కొసలోంచి నీళ్లు పడతాయి. ఎన్నేళ్లనాటివో, మొహాల మీద రంగంతా పోయింది.

"కొనే హోటల్‌వాళ్లు రేపొస్తారు. చెరొకటి దిద్దండి. ఎవరిది నచ్చితే మిగతావన్నీ వాళ్లకే," అన్నాడు బాజీ.

నచ్చనివాళ్ల సంగతి అతను చెప్పలేదు. ఇద్దరికి సరిపడా పని కొట్లో లేదని తెరేసమ్మ ఏడాదిగా వింటూనే ఉంది.

గుణదల తిరునాళ్లకు ముప్ఫై ఏళ్లు మరియమ్మ విగ్రహాల కళ్లు దిద్దిన చెయ్యి ఆమెది. నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్లకు కుంచె పట్టడం నేర్పిందీ తనే. ఇప్పుడేమో బాజీ నోట "కీర్తన చెయ్యి భలే తిరిగిందండీ" తప్ప మరో మాట రాదు. పొరుగింటి పుల్లకూర రుచి మరి! విన్నప్పుడల్లా తెరేసమ్మకు కడుపు మండిపోయేది. అది కుళ్లేనని ఆమెకూ తెలుసు. ఆదివారం ఫాదర్ దగ్గర ఒప్పుకునేది, సోమవారానికి మళ్లీ మొదలు.

కళ్లు దిద్దగానే మొహం గోడకు తిప్పేయాలి, తెల్లారేదాకా ఎవరూ చూడకూడదు. విగ్రహాల దగ్గర అలవాటైన నియమం అది. కీర్తనకూ అదే నేర్పింది. సాయంత్రం రెండు కూజాలనూ అలాగే తిప్పి అరలో పెట్టారు. తెరేసమ్మది తలుపు పక్కన, కీర్తనది కిటికీ పక్కన. రంగు ఆరడానికి రెండు రోజులు పడుతుంది.

మర్నాడు ఆమె వచ్చేసరికి బాజీ, కీర్తన వీధిలో టీ తాగుతున్నారు. దొరలిద్దరినీ అప్పటికే ఇటు తిప్పి ఉంచారు. తెరేసమ్మ లోపలికి అడుగుపెట్టి అక్కడే నిలబడిపోయింది. కిటికీ పక్కనున్న దొర ఆమెకేసే చూస్తున్నాడు. ఆ కళ్లలో తడి ఉంది, చిలిపితనమూ ఉంది. తలుపు పక్కనున్నవాడు బాగానే ఉన్నాడు గానీ, వాడు ఉత్త బొమ్మ.

'దీని చెయ్యి పడిపోను, నన్ను మించిపోయింది!' అనుకుంది. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారైనా తన కుంచెకు ఇలాంటి చూపు రాలేదే అని ఏడుపొచ్చింది.

రంగు చెరిపే టర్పెంటైన్ గుడ్డ చేతికి దొరికింది. రెండే రెండు తుడుపులు. దొర గుడ్డివాడైపోయాడు. గుడ్డను సంచిలో కుక్కి, ఏమీ ఎరగనట్టు స్టూలు మీద కూర్చుంది.

బయట కారు ఆగింది. కీర్తన పరుగున లోపలికొచ్చింది.

"అమ్మా, వాళ్లొచ్చేశారు!" అంటూనే అర వైపు చూసి నోరు నొక్కుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైందే?" అంది తెరేసమ్మ.

"బాగా వెలుతురు పడుతుందని పొద్దున్నే రెండిటి చోట్లూ మార్చానమ్మా."

"చోట్లు మార్చావా?"

"ఎవరమ్మా, మీ కూజాని ఇలా పాడుచేసింది?"