గొంతులో జోరు

"మళ్లీ ఉత్త చేతులేనా?" గుమ్మంలోనే నిలదీసింది జానకి. "వీధి మలుపు తిరక్క ముందే కేకేసినాను గదా, ఉప్పు తెమ్మని!"

ఆదిబాబు ఆమె మొహంలోకి తేరిపార చూశాడు. "ఉప్పా? మరిసిపోనాను," అని చెప్పులు విప్పుకుంటూ లోపలికి పోయాడు.

ఇలాంటి మొగుడు పగవాళ్లకి కూడా వద్దని పక్కింటి భద్రమ్మతో జానకి చెప్పుకోని వారం లేదు. వెనకనించి పిలిస్తే పలకడు, మహారాజు. ఎదురుగా నిలబడి చెబితే మాత్రం కళ్లార్పకుండా మొహంలోకే చూస్తాడు. పెళ్లయిన కొత్తలో కూడా అంత చూపు లేదు. ఇక నోరు తెరిస్తే భాలుబాసా వీధంతా ఉలిక్కిపడాలి. గమ్హరియా మిల్లులో అతను మేస్త్రీ. ఎర్రగా కాలిన ఇనపకమ్మీలు పరిగెత్తే చోట ఎవడి మాటా ఎవడికీ అందదు గనక పనంతా చేతిసైగల మీదే నడుస్తుంది. అక్కడ వాడని నోటిని ఇంటికోసం దాచి తెస్తాడని జానకి అనుమానం.

పైగా పిసినారి. భద్రమ్మ మొగుడు అసిరయ్యకి చూపు మందగించిందని మిల్లువాళ్లు ఇంటికి పంపేస్తే, పాపం, పకోడీల బండి పెట్టుకున్నాడు. ఆ బండి కనబడితే చాలు, ఆదిబాబు అవతలి పక్కనించి నడుస్తాడు.

ఇవన్నీ జానకి ఎలాగో సర్దుకుపోయింది. కూతురి విషయంలోనే సర్దుకోలేకపోయింది.

గౌరీదేవి ఆదివారం సాయంత్రాలు రేడియోలో కుర్రకారు కార్యక్రమం చేస్తుంది. ఇంగ్లీషు పాటలు, మధ్యమధ్య హిందీలో కబుర్లు. ఆ సమయానికి ఆదిబాబు రేడియో ముందు హాజరు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు దాని నెత్తిన అరచెయ్యి ఆనించి, ఆఖరిదాకా కదలడు. పిల్ల ఇంట్లో అడుగుపెట్టగానే తీర్పు.

"గొంతులో జోరు నేదు."

ప్రతి ఆదివారం అదే మాట. ఓ వారం గౌరి రేడియో స్టేషన్ దాకా వెళ్లి, జలుబుతో గొంతు బొంగురుపోయి ఊరికే తిరిగొచ్చింది. ఆమె బదులు ఇంకో అమ్మాయి మాట్లాడింది. ఆ రోజూ ఆదిబాబు తల అడ్డంగా ఊపాడు.

"ఇయ్యాలా జోరు నేదు."

గౌరి వంటింట్లోకొచ్చి ఏడ్చింది. "అది నేనే కాదమ్మా! నాన్న ముందే ఫైసలా చేసి పెట్టుకున్నాడు. ఆడపిల్ల మైకు పట్టుకోడం ఆయనకి ఇష్టం లేదంతే."

అలాంటి ఇంట్లోకి రాక్ షో వచ్చి పడింది. సాక్చీలో మైదానం, వేలమంది జనం, 'ఫర్నేస్' అని ఓ బ్యాండు. అందులో కుర్రాళ్లు నలుగురే గాని జుట్టు ఎనిమిది మందిది. పాటకీ పాటకీ మధ్య మాట్లాడ్డానికి రేడియో గౌరి కావాలన్నారు.

"నువ్వూ వత్తావా, నాన్నా?" ఎదురుగా కూచుని అడిగింది గౌరి.

"వత్తాను. రేడియోలో అయితే నువ్వెవలికీ కనబడవు. అంతమందిలో నవ్వులపాలయితే? జోరు నేకపోతే మర్నాటి నించి మైకులు బంద్. బిర్సానగర్‌లో టైపు నేర్సుకో."

"జోరుంటే?"

"సూద్దారి."

గౌరి తల్లివైపు తిరిగి గొణిగింది. "టైపే, అమ్మా. పక్కా."

మైదానంలో ముందువరస ఇచ్చారు. పక్కనే మనిషెత్తు స్పీకరు పెట్టెలు. డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడగానే జానకి గుండెల్లో రోకలి దిగినట్టయింది. కొంగు చెవుల్లో కుక్కుకుంది. చుట్టుపక్కల వాళ్లు కుర్చీలెత్తుకుని వెనక్కి జరిగారు.

ఆదిబాబు మాత్రం లేచి తిన్నగా పెట్టెల దగ్గరికి నడిచాడు.

"ఓలమ్మో, వైర్లు పీకేత్తాడు!" జానకి వెంటపడింది.

అతను వైర్లు ముట్టుకోలేదు. పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. రేడియో మీద పెట్టినట్టే. తర్వాత ఓ పక్క మొహమంతా దానికి ఆనించాడు. కాసేపటికి బుర్ర ఊగింది, కాలు ఆడింది. జానకి కొంగు చెవుల్లోంచి తీసి మొహానికి కప్పుకుంది.

పాట ఆగింది. గౌరి మైకందుకుంది. వెనకనించి ఎవడో "మేడమ్, హటో! గానా బజావో!" అని, తప్పుకుని పాట వెయ్యనిమ్మని అరిచాడు. నలుగురు ఈలలేశారు. జానకికి టైపు మిషను కళ్లముందు కనబడింది.

"హటను, భయ్యా," హిందీలో అందుకుంది గౌరి. "మా నాన్న ముందే ఉన్నాడు. ఆయన పాస్ చేసేదాకా నన్నెవరూ దింపలేరు. మీరు అరుస్తున్నారా? మా ఇంట్లో ఉప్పులేదని చెప్పినా ఇంతకన్నా గట్టిగానే అరుస్తాం!"

మైదానం ఘొల్లుమంది. పెట్టె మీద చెయ్యి తియ్యకుండానే వాళ్లతోపాటు ఆదిబాబూ పడీపడీ నవ్వాడు. తన హాస్యానికి ఏనాడూ నవ్వని మనిషి అలా నవ్వుతుంటే జానకికి ఒళ్లుమండింది.

షో అయ్యాక గౌరి స్టేజీ దిగి, దీపం కింద తండ్రికి ఎదురుగా నిలబడింది.

"రేపట్నించి టైపేనా, నాన్నా?"

"టైపూ నేదు, గీపూ నేదు." ఆదిబాబు కళ్లు తడిగా ఉన్నాయి. "ఏటి గొంతమ్మా నీది! జోరు నేదన్నాను సూడు, తప్పు నాది. నాదే తప్పు."

జానకి ఊరుకోలేదు. మొగుడి భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. "పిల్లని ఇన్నాళ్లు ఏడిపించి ఇప్పుడా? ప్రతి ఆదివారం ఆ రేడియో ముందు కూకుని ఏటి ఇన్నావయ్యా మరి?"

ఆదిబాబు ఆమె మొహంలోకి అలాగే చూశాడు. మిల్లువాళ్లెవరైనా దగ్గర్లో ఉన్నారేమోనని చుట్టూ ఓసారి కలియజూశాడు. తర్వాత, వీధంతా వినబడే ఆ గొంతును వీలైనంత తగ్గించి అన్నాడు.

"మిల్లు నా సెవులెప్పుడో తినీసినాదే, జానకీ."