శాంపిల్ నలభై ఒకటి

"ఇక్కడెవరైనా కూర్చుంటున్నారా అమ్మా?"

క్యాంటీన్‌లో ఎదురు కుర్చీ చూపిస్తూ అడిగింది ఒకావిడ. యాభై దాటి ఉంటాయి.

"లేదండీ, కూర్చోండి" అని అమ్మాయి మళ్లీ ఫోన్‌లో తల దూర్చింది.

మాలిక్యులర్ వైరాలజీలో ఆ ఏడాది ఉన్నది ఒకే ఒక్క పీహెచ్‌డీ సీటు. నాలుగొందల మంది పోటీపడితే ఆమెకొచ్చింది. ఊరు కొత్త. ల్యాబ్‌లో ఎవరి పనిలో వాళ్లు. సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే రాని రోజులుండేవి.

"స్నేహితులెవరైనా అయ్యారా?" అని ఫోన్‌లో అమ్మ అడిగితే, "అంత తీరికెక్కడిదమ్మా" అనేది.

"ఏం చదువుతున్నావు తల్లీ?" అంది ఎదురు కుర్చీలో ఆవిడ.

"రీసెర్చ్ అండీ. ఆ మహమ్మారి కొందరికి అసలెందుకు సోకలేదో చూస్తున్నాం."

ఆవిడ చేతిలో కప్పు ఆగిపోయింది.

"తెలిసిందా?"

"ఇంకా లేదండీ."

రెండు వారాలకోసారి ఆవిడ కనిపించేది. పక్క ఆస్పత్రికొచ్చే పేషెంటు కాబోలనుకుంది అమ్మాయి. కూర్చోగానే అదే ప్రశ్న.

"తెలిసిందా తల్లీ?"

పెంచిన కణాలు పెంచినట్టే చచ్చిపోతుంటే, చేసిన ప్రయోగమల్లా బెడిసికొడుతుంటే, ఆ మాట చెవిలో జోరీగలా ఉండేది. అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తినడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఆవిడ బల్ల మీద వేలితో మెల్లగా తట్టింది.

"ఒక్క మాట. ఇంట్లో నలుగురుండి ముగ్గురు పోయారనుకో. మిగిలినావిడకి తుమ్మైనా రాలేదు. బయటికెళ్లి వచ్చేది ఆవిడొక్కతే. ఆవిడే తెచ్చి అంటించిందనుకోవచ్చా?"

"అనుకోవచ్చండీ. అలా జరుగుతుంటుంది."

టైమ్ చూసుకుంటూ లేచింది అమ్మాయి.

"అంతేలే" అంది ఆవిడ.

మళ్లీ రాలేదు. కొన్నాళ్లకి ఎదురు కుర్చీలో అమ్మాయి తన బ్యాగు పెట్టుకోసాగింది.

ఏడాదిన్నరకి ఫలితం దొరికింది. వ్యాధి సోకని నూట పన్నెండు మంది రక్తం చూస్తే ఒకే ఒక్క శాంపిల్‌లో, నలభై ఒకటో దానిలో. శాంపిల్స్‌కి నంబర్లే తప్ప పేర్లుండవు; ఏది ఎవరిదో గైడ్‌కే తెలుసు. అమ్మాయి ఒక్క పరుగున గైడ్ గదిలోకెళ్లింది.

"మేడం, వైరస్ లోపలికి దూరాలంటే పట్టుకోవలసిన ప్రొటీన్ ఈ నలభై ఒకటో మనిషి కణాల మీద పుట్టుకతోనే లేదు! తనకే సోకదు. ఇంకొకరికి అంటించే ప్రశ్నే లేదు. పిలిచి చెబుదాం మేడం!"

మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"పోయినేడాది చనిపోయారమ్మా."

"అయ్యో... ఇంట్లోవాళ్లకైనా చెబుదామా?"

"వాళ్లెవరూ లేరు. అందుకేనేమో, పిలవకపోయినా వచ్చి రక్తమిచ్చి వెళ్లేవారు."

మేడం బీరువాలోంచి ఫైలు తీసి అమ్మాయి ముందుకు జరిపింది.

మొదటి పేజీలో అంటించిన ఫొటోలో ఉన్నది క్యాంటీన్ ఆవిడ.