తుండుగుడ్డ కింద బేరం

"చెయ్యి ఇట్లా పెట్టు పాపా. బేరం నోటితో కాదు, ఈడ వేళ్ళతోనే" అంటూ ధనంజయ శెట్టి తుండుగుడ్డ పరిచాడు.

బంగారుపాళ్యం మామిడి మండీలో ధర ఎప్పుడూ గుడ్డ కిందే తేలుతుంది. పట్టుకున్న వేళ్ళను బట్టి అంకె, పక్కవాడికి తెలియదు. ఆ గుడ్డ కింద శెట్టిని గెలిచిన వ్యాపారి ఇంతవరకు లేడు.

ఎదుట కూర్చున్నది డాక్టర్ పంకజాక్షి. వేలూరులో క్యాజువాలిటీ పని నేర్చుకుని వచ్చింది. రోడ్డు పక్కన ఖాళీగా ఉన్న శెట్టి గోడౌను బాడుగకు కావాలంది. లారీ గుద్దినవాళ్ళూ పాము కరిచినవాళ్ళూ చిత్తూరు చేరేలోపే పోతున్నారనీ, రాత్రింబగళ్ళు తెరిచి ఉండే ఆస్పత్రి ఇక్కడే పెట్టాలనీ ఆమె లెక్క. ఈ గోడౌను తప్పితే రోడ్డు మీద ఇంకో చోటు లేదు.

శెట్టి లెక్క వేరు. తాను అరవై దాటినా ఆస్పత్రి గడప తొక్కలేదనీ, ఎవరు రమ్మన్నా తొక్కబోననీ గొప్పగా చెప్పాడు.

"సరుకు రాని పొద్దు నేను మండీ మూస్తా. రోగి రాని పొద్దు నువ్వేం జేస్తావు?"

"తెరిచే పెడతాను పెద్దాయనా. ఆ తర్వాత వచ్చే ఒక్కరి కోసం."

ఆమె గుడ్డ కింద చెయ్యి పెట్టింది. శెట్టి నుదుటి చెమట తుడుచుకున్నాడు. మే నెల ఎండ. పొద్దున బుట్టలెత్తినందుకో ఏమో ఎడమ భుజం లాగుతోంది. వేళ్ళతో పెద్ద అంకే అడిగాడు. ఆమె అతని చెయ్యి వదలకుండా పట్టుకునే ఉంది. తన చేతి గడియారం వైపే చూస్తోంది. తొందరలో ఉన్నవాళ్ళు బేరంలో నష్టపోతారని శెట్టి లోలోపల నవ్వుకున్నాడు.

"మీరడిగిందే ఇస్తాను" అంది ఆమె ఉన్నట్టుండి. "ఒకటే షరతు. సంతకాలు ఇప్పుడే, చిత్తూరులో. నా కారులోనే రావాలి."

శెట్టి లేవబోతే లేవనివ్వలేదు. ఈ ఎండలో పెద్దాయన నడవకూడదంటూ ఇద్దరు హమాలీలను పిలిచి, కుర్చీతో సహా అంబాసిడర్ దాకా మోయించింది. మండీ అంతా చూస్తుండగా శెట్టి మీసం దువ్వాడు. డ్రైవరు కారు ఉరికిస్తుంటే, వెనక సీట్లో దారి పొడుగునా గుడ్డ కింద చెయ్యి ఆమె వదల్లేదు. మాట మారుస్తానని భయం కాబోలు అనుకున్నాడు.

ఆ గోడౌను ఇప్పుడు ఆస్పత్రి. సాయంత్రాలు దాని వరండాలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ శెట్టి ఆ ఊరేగింపు గురించి గర్వంగా చెబుతాడు. గుడ్డ కింద తనను గెలిచింది పంకజాక్షి ఒక్కతే అంటాడు.

"అడిగినంతా ఒప్పుకున్నామె గెలిచేదేంది శెట్టీ?" అని మొన్న పండ్ల వ్యాపారి కుప్పుస్వామి ఎగతాళి చేశాడు.

శెట్టి తుండుగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు.

"ఆ కారు ఆగింది సంతకాల కాడ కాదు, ఆస్పత్రి గడప కాడ. గుడ్డ కింద ఆ పాప పట్టుకునింది నా వేళ్ళు కాదబ్బా, తప్పుతా ఉండిన నా నాడి."