బండి నేర్పిన ఎర్రమంచి అన్న

బండి కదిలినట్టే కదిలి, గేటు దాటగానే ఇసుకలో కూరుకుపోయింది.

దిల్షాద్ కంగారుగా యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కింది. చక్రాలు గిర్రున తిరిగాయి. బండి మరింత లోపలికి దిగింది. వెనక సీట్లో కూతురు ఏడుపు అందుకుంది.

"తొక్కొద్దుమ్మా! తొక్కేకొద్దీ దిగిపోతాది!"

ఒమన్ ఎడారిలో తెలుగు మాట. అదీ తమ వైపు మాట!

పక్కనున్న ఖర్జూరం తోటలోంచి ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. మాసిన చొక్కా, తలకు తువ్వాలు. తోట కాపలా మనిషని ఇన్నాళ్ళూ దూరం నుంచి చూడడమే తప్ప పలకరించింది లేదు.

నాలుగు టైర్లలోనూ కొంచెం కొంచెం గాలి తీశాడు. చక్రాల ముందు ఇసుకను చేతులతో తోడేశాడు.

"ఫోర్ వీల్ వేసుకోమ్మా. ఇప్పుడు మెల్లంగా... ఇంకా మెల్లంగా."

బండి బయటపడింది.

"యా ఊరన్నా మీది?"

"పెనుకొండ పక్కన ఎర్రమంచి. ఓబుళప్ప అంటారు. ఆడ లారీ తోలేవాణ్ణి. మీది?"

"హిందూపురం."

"మనోళ్ళే!" అన్నాడు. ఆ తర్వాత ఎందుకో ఒకసారి తోట వైపు తిరిగి చూసుకున్నాడు.

దిల్షాద్ మాటలు ఆపలేకపోయింది. సొంత మాట వినబడి ఎన్నాళ్ళయిందో!

భర్త మసూద్‌ది చమురు బావుల దగ్గర పని. కంపెనీ బండి వచ్చి తీసుకుపోతే మళ్ళీ నెలకు గానీ రాడు. ముచ్చటపడి కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ బండి షెడ్డులోనే ఉంటుంది. తారు రోడ్డు చేరాలంటే గంటసేపు ఇసుకలోనే పోవాలి. మొన్న పాపకు ఒళ్ళు కాలిపోతుంటే, నీళ్ళ ట్యాంకరు వచ్చేదాకా ఒళ్ళో వేసుకుని ఏడుస్తూ కూర్చుంది. అందుకే ఇవాళ, తోలడం సరిగ్గా రాకపోయినా, తెగించి తనే బండి తీసింది.

"జైల్లో ఉన్నట్టుండాదన్నా. తాళం లేదు, అంతే. పోదామంటే దారి లేదు."

ఓబుళప్ప ఆమె వైపు చూశాడు.

"నేను నేర్పిస్తాలేమ్మా. నువ్వు ఈడ్నించి కదలాల."

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. తోట సూపర్‌వైజరు నిద్రపోయే వేళ చూసుకుని వచ్చేవాడు. ఆమె పాపను జోకొట్టేలోపు తాళం తీసుకుని, తనే బండిని ఇసుక తిన్నెల దాకా తోలుకుపోయి నిలబెట్టేవాడు.

"తిన్నె ఎక్కేటప్పుడు ఆగొద్దు. దిగేటప్పుడు తిప్పొద్దు."

"బోల్తా పడితే?"

"నేనుండాను గదమ్మా."

ఆమె చెమటలు కక్కుతూ ఇంట్లోకి పోయేది. అతను బండిని షెడ్డులో పెట్టి, ఇసుక దులిపి, తాళం తెచ్చి చేతికిచ్చేవాడు. చాయ్ ఇస్తే గడప బయటే కూర్చుని తాగేవాడు.

మసూద్ సెలవుకొచ్చినప్పుడు సిటీకి తీసుకుపోయి టెస్టు ఇప్పించాడు. లైసెన్సు వచ్చింది.

దిల్షాద్ మొదటిసారి ఒంటరిగా సిటీకి పోయి, పాపకు మందులు, ఇంటికి కూరగాయలు తెచ్చుకున్న రోజు, ఓబుళప్ప గేటు దగ్గర నిలబడి చూశాడు.

"ఈసారి పోయేటప్పుడు నన్నొకసారి సిటీలో దించుతావామ్మా?"

"ఏం పనన్నా?"

"ఉండాదిలేమ్మా ఒక పని." అటూ ఇటూ చూశాడు. "మా సూపర్‌వైజరుకు మాత్రం చెప్పొద్దు."

దిల్షాద్‌కు ఆ మాట నచ్చలేదు. రాత్రి ఫోన్లో మసూద్‌కు చెప్పింది.

"నీకేమన్నా మతి పోయిందా? మనముండే ఇల్లు ఆ తోట సేఠ్‌ది. వాని మనిషిని దొంగతనంగా బండెక్కిస్తే రేపే ఖాళీ చేయిస్తాడు. వాడేం ఎత్తుకుపోతాండాడో ఏమో!"

మర్నాడు గేటు దగ్గర కనబడిన ఓబుళప్పతో ఆమె తలొంచుకుని చెప్పింది. "బండి బాగలేదన్నా."

ఆరోజు పొద్దున్నే ఆమె పాలకోసం బండిలో పోయి వచ్చింది. ఆ చప్పుడు అతనికి వినబడకుండా ఉండదు.

"సరేలేమ్మా," అన్నాడు. "ఎండలో ఎక్కువ తిరగొద్దు. బండిలో నీళ్ళు పెట్టుకో."

రెండు రోజుల తర్వాత సూపర్‌వైజరు కేకలు వినబడ్డాయి. ఓబుళప్ప పారిపోయాడట. దిల్షాద్ షెడ్డులోకి పోయి బండిలో సామాను చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

ఎండాకాలంలో దిల్షాద్ హిందూపురం వచ్చింది. వచ్చిన వారానికే ఒకామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మెడ బోసిగా ఉంది.

"ఎర్రమంచి ఓబుళప్ప పెండ్లాన్నమ్మా. ఆదిలక్ష్మి. ఇసకలో పడిపోయి ఉన్యాడంట. పోయిన నెల బెంగుళూరుకు పెట్టెలో తెచ్చిరి. నువ్వు చూసినావంట గదా, కడాకు ఎట్లుండెనో చెప్తావని వచ్చినా."

దిల్షాద్ ఆమెను కూర్చోబెట్టి, తనూ నేల మీద కూలబడింది.

"కాపలా పని వదిలిపెట్టి ఎందుకు పోయినాడక్కా, అంత ఎండలో, నడిచి?"

"కాపలానా?" ఆదిలక్ష్మి వింతగా చూసింది. "డ్రైవరు పనని పిలుచుకపోయి, పాస్‌పోర్టు గుంజుకుని తోటలో వేసిరి. మూడేండ్లు బయటికి పంపలేదు. సిటీలో మన దేశమోళ్ళ ఆఫీసుకు చేరితే ఇంటికి పంపిస్తారంట. చేరే దారి యాడుండాది? ట్యాంకరు డ్రైవరు ఫోనిస్తే ఎప్పుడో ఒకసారి మాట్లాడేవాడు. 'ఈడ హిందూపురమామె ఒకామె ఉండాది, ఆమె బండి నేర్చుకుంటే నన్ను దించుతాది' అన్నాడు."

దిల్షాద్ ఆమె దగ్గరికి జరిగింది. "బండి తాళం రోజూ ఆయన చేతిలోనే ఉండె గదక్కా! తోలుకుని పోయుండొచ్చు గదా!"

"నేనూ ఫోన్లో అదే అడిగితి," అంది ఆదిలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "'నేను బండెత్తుకుని పోతే ఆ బిడ్డతల్లి నా మాదిరే ఈడ ఖైదీ అయిపోతాదే' అన్నాడమ్మా."